సెన్సర్ మార్చకండి, ముందు టైమ్ చూడండి: గుంట లాగర్‌లోని పది అంకెలను తేదీగా మార్చడం

నెల్లూరు జిల్లా విడవలూరు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారి వనామీ రొయ్యల గుంటల్లో డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) మీటర్‌కు ఒక లాగర్ తగిలించారు. అరగంటకోసారి రీడింగ్ రాసుకుంటుంది. ఫైల్ తెరిస్తే టైమ్ ఉండాల్సిన చోట 1718838000 లాంటి పది అంకెలున్నాయి. ఏదో వెబ్‌సైట్‌లో పెట్టి మారిస్తే తేదీలైతే వచ్చాయి. కానీ ఆక్సిజన్ రోజూ రాత్రి 11 గంటలకు బాగా పడిపోయి, పొద్దున తొమ్మిదిన్నరకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తోంది. గట్టు మీద నిలబడి చేత్తో తీసిన రీడింగులతో కలవడం లేదు. అమ్మినాయన సెన్సర్ పోయింది, కొత్తది వెయ్యాలంటున్నాడు. సెన్సర్ నిజంగా పోయిందా, లేక 5:30 కలిపితే చాలా?

మీ సెన్సర్ బాగానే ఉంది. దయచేసి కొత్తది కొనకండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు రాసిన ఆ రెండు టైములే సాక్ష్యం. పగలు నీళ్ళలోని నాచు ఎండకు ఆక్సిజన్ విడుస్తుంది, మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు డీఓ బాగా పెరుగుతుంది. చీకటి పడ్డాక నాచు, రొయ్యలు, అడుగు మట్టిలోని బ్యాక్టీరియా అన్నీ ఆక్సిజన్ వాడుకోవడమే తప్ప ఇచ్చేది ఏదీ ఉండదు. అందుకే తెల్లవారే ముందు డీఓ అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. ఇది మీ నాన్నగారికి నాకన్నా బాగా తెలుసు. ఇప్పుడు మీ రాత్రి 11 గంటలకు అయిదున్నర గంటలు కలపండి: తెల్లవారుజాము 4:30. పొద్దున తొమ్మిదిన్నరకు కలపండి: మధ్యాహ్నం 3 గంటలు. గుంటలో జరగాల్సింది జరగాల్సిన వేళకే జరుగుతోంది. మీ షీట్ మాత్రం ఆ వేళను లండన్‌లోని గ్రీనిచ్ లెక్కలో చూపిస్తోంది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు అవును, 5:30 కలపాలి. అయితే ఎక్కడ కలపాలి, ఎన్నిసార్లు కలపాలి అన్న దగ్గరే అందరూ దెబ్బతింటారు. నేను ఇరవై ఏళ్ళుగా సర్వర్ల పని చేస్తున్నాను, కావలి చుట్టుపక్కల రొయ్యల రైతులకు ఇలాంటి ఫైళ్ళు చాలానే సరిచేసి ఇచ్చాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పది అంకెలంటే ఏమిటో చూద్దాం. 1970 జనవరి 1, గ్రీనిచ్ లెక్కలో అర్ధరాత్రి సున్నా గంటలు. అప్పటి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ సంఖ్యే ఇది. యూనిక్స్ టైమ్ అంటారు, ఈపాక్ టైమ్ అని కూడా అంటారు. ఇందులో రోజు లేదు, నెల లేదు, దేశం లేదు. ఉన్నది ఒక క్షణం మాత్రమే. ఆ క్షణంలో విడవలూరులో తెల్లవారుజాము కావచ్చు, అమెరికాలో మీ అన్న ఉండే డాలస్‌లో సాయంత్రం కావచ్చు. సంఖ్య మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఒకసారి కాగితం మీద చేసి చూడండి, భయం పోతుంది. రోజుకు 86400 సెకన్లు. 1718838000ను 86400తో భాగిస్తే 19893 రోజులు వచ్చి, 82800 సెకన్లు మిగులుతాయి. 82800 సెకన్లంటే సరిగ్గా 23 గంటలు. ఇక 19893 రోజుల సంగతి. 1970 నుంచి 2023 చివరి దాకా 54 సంవత్సరాలు, వాటిలో 13 లీపు సంవత్సరాలు, మొత్తం 19723 రోజులు. తీసేస్తే 170 మిగులుతాయి. 2024 లీపు సంవత్సరం కాబట్టి జనవరి నుంచి మే చివరికి 152 రోజులు. ఇంకా 18 రోజులు పూర్తయ్యాయంటే మనం జూన్ 19లో ఉన్నాం. అంటే 2024 జూన్ 19, రాత్రి 11 గంటలు, యూటీసీలో (గ్రీనిచ్ లెక్కకు ఇప్పటి పేరు). వెబ్‌సైట్ మీకు చెప్పింది ఇదే, అది తప్పు చెప్పలేదు. 5:30 కలిపితే జూన్ 20, గురువారం, తెల్లవారుజాము 4:30.

తేదీ కూడా మారిందన్నది గమనించండి. చాలామంది గంటలు చూసుకుని తేదీ వదిలేస్తారు. మీ నాన్నగారి రికార్డు పుస్తకంలో 20వ తేదీ తెల్లవారుజామున రాసిన రీడింగ్, మీ షీట్‌లో 19వ తేదీ కింద ఉంది. మీరు రోజువారీ కనిష్ఠం, సగటు తీస్తే ఆ లెక్క ప్రకారం రోజు మన అర్ధరాత్రికి మొదలవదు, పొద్దున 5:30కు మొదలవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన తెల్లవారుజాము రీడింగులన్నీ ముందు రోజు ఖాతాలోకి పోతాయి. 'మేత ఎక్కువేసిన రోజు డీఓ ఎట్లా ఉంది' అని పోల్చి చూస్తే జవాబు ఒక రోజు పక్కకు జరిగి వస్తుంది, దాన్ని నమ్మి మేత తగ్గించేస్తాం. అందుకే ముందు టైమ్ మార్చుకోండి, ఆ తర్వాతే రోజులవారీగా విడగొట్టండి. ఈ వరుస తప్పకూడదు.

ఈ 5:30 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిస్తే గుర్తుండిపోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన దేశ ప్రామాణిక సమయాన్ని (ఐఎస్‌టీ) 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద పెట్టారు. 82.5ను 4తో గుణిస్తే 330 నిమిషాలు, అంటే 5 గంటల 30 నిమిషాలు, సెకన్లలో 19800. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల మీద ఉంది. అంటే సూర్యుడి లెక్కలో మనం గడియారం కన్నా సుమారు పది నిమిషాలు వెనక. 1906 జనవరి 1న ఈ ఐఎస్‌టీ రాకముందు రైళ్ళు మద్రాసు టైమ్ మీద నడిచేవి, అది గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందు. మన తాతముత్తాతల నెల్లూరుకు ఇప్పటి టైమ్ కన్నా అదే దగ్గర.

ఇక ఎక్సెల్. అది 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టదు, 1900 నుంచి రోజులు లెక్కపెడుతుంది. దాని లెక్కలో 1970 జనవరి 1 అంటే 25569. కాబట్టి టైమ్‌స్టాంప్‌కు 19800 కలిపి, 86400తో భాగించి, 25569 కలిపితే మన టైమ్ వస్తుంది. మీ సంఖ్యతోనే చూడండి: (1718838000 + 19800) ÷ 86400 + 25569 = 45463.1875. ఆ గడికి తేదీ, టైమ్ ఫార్మాట్ ఇస్తే 20-06-2024 4:30 అని కనిపిస్తుంది. చుక్క తర్వాతి 0.1875ను 24తో గుణిస్తే 4.5, అదే నాలుగున్నర. ఫార్ములాలో మీ టైమ్‌స్టాంప్ ఉన్న గడి పేరు పెట్టి కిందికి లాగండి. అసలు పది అంకెల వరుసను మాత్రం చెరపకండి, దాని మీద రాయకండి. మార్చిన టైమ్ పక్క వరుసలో ఉండాలి. రేపు అనుమానం వస్తే తిరిగి చూసుకోవడానికి ఆ ముడి సంఖ్య ఒక్కటే ఆధారం.

గూగుల్ షీట్స్‌లో అయితే ఈపాక్ టు డేట్ అని మూడు మాటలూ కలిపి రాసే ఫంక్షన్ ఉంది. అది ఇచ్చేది యూటీసీ. షీట్ సెట్టింగుల్లో టైమ్ జోన్ భారత్ అని పెట్టుకున్నా దాని జవాబు మారదు, 5:30 మీరే కలుపుకోవాలి. దీని దగ్గర బోల్తా పడ్డవాళ్ళను చాలామందిని చూశాను.

మీ ఫోన్ యాప్ నుంచి దించిన ఫైల్‌లో సంఖ్యలు పొడుగ్గా ఉన్నాయని చివర్లో రాశారు. అవి పదమూడు అంకెలైతే మిల్లీసెకన్లు. 1718838000000 అన్నా అదే క్షణం, వెయ్యితో భాగించి పై లెక్క చేయండి. భాగించడం మర్చిపోతే తేదీ 56 వేల సంవత్సరం దాటి పోతుంది, ఎక్సెల్ అయితే గడి నిండా ##### చూపించి ఊరుకుంటుంది. తిరగేసి తప్పు చేసినా పట్టుకోవచ్చు: మిల్లీసెకన్లు అడిగే చోట సెకన్లు ఇస్తే తేదీ 1970 జనవరి మూడో వారంలో తేలుతుంది. ఇంకో జాగ్రత్త. పదమూడు అంకెల ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే అది 1.71884 అని చూపించి పక్కన ఇంగ్లీషు E అక్షరం, +12 తగిలిస్తుంది. ఆ స్థితిలో మళ్ళీ సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేశారా, కనిపించిన అంకెలే ఫైల్‌లో మిగులుతాయి, మిగతావి పోతాయి. తిరిగి రావు. ముందు ఆ వరుస ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చి, దశాంశాలు సున్నా పెట్టి, అప్పుడు సేవ్ చేయండి.

పని మొదలుపెట్టే ముందు మీ ఫార్ములాను మీకు ముందే జవాబు తెలిసిన సంఖ్యతో పరీక్షించండి. నేనెప్పుడూ వాడేది 1689325517. ఇది పెడితే 2023 జులై 14, మధ్యాహ్నం 2:35:17 రావాలి. శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచిన క్షణం అది. ఆ రోజు మన వైపు డాబాలెక్కిన వాళ్ళెవరికీ అది మధ్యాహ్నం అని వేరే చెప్పక్కర్లేదు. మీకు 9:05:17 వస్తే మీరింకా యూటీసీలోనే ఉన్నారు. రాత్రి 8:05:17 వస్తే 5:30 రెండుసార్లు కలిపారు.

రెండుసార్లు కలపడం గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే నిజమైన నష్టం ఇక్కడే జరుగుతుంది. లాగర్లలో అందరూ గడియారాన్ని ఒకే తీరుగా పెట్టరు. కొన్నిటిలో సిమ్ ఉంటుంది, నెట్ నుంచి యూటీసీ తెచ్చుకుంటాయి. అవి రాసే సంఖ్య నిజమైన టైమ్‌స్టాంప్. మరికొన్నిటిని బిగించేటప్పుడు మెకానిక్ తన ఫోన్‌లో టైమ్ చూసి చేత్తో పెడతాడు. పరికరానికి జోన్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి, అది మన టైమ్‌నే యూటీసీ అనుకుని సెకన్లు లెక్కకడుతుంది. అప్పుడు ఫైల్‌లోని సంఖ్యలో 19800 ముందే కలిసి ఉంటుంది. మనం మళ్ళీ కలిపితే తెల్లవారుజాము 4:30 కాస్తా పొద్దున పదైపోతుంది. సంఖ్యను చూసి ఈ రెంటిలో ఏదో చెప్పలేం, రెండూ పది అంకెలే.

మీ లాగర్ మొదటి రకమని నేను చెప్పగలిగింది మీ డీఓ రాత్రి పదకొండుకు పడిపోతోంది కాబట్టి. అయినా ఊహ మీద వదలకండి, ఒక చిన్న పని చేయండి. రేపు తెల్లవారుజామున సరిగ్గా 5 గంటలకు సెన్సర్‌ను నీళ్ళలోంచి పైకి తీసి, ఒక రీడింగ్ పడే దాకా గాలిలో ఉంచండి. ఆ వేళ నీళ్ళలో డీఓ తక్కువ, గాలిలో పెట్టగానే రీడింగ్ ఒక్కసారి ఎగురుతుంది. ఫైల్‌లో ఆ ఎగిరిన వరుస వెతికి, మార్చిన టైమ్ 5 గంటలు చూపుతోందేమో చూడండి. ఇంతకన్నా గట్టి రుజువు ఉండదు.

ఇది నేను నష్టం అంచు దాకా వెళ్ళి నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట సింగరాయకొండ దగ్గర మా మిత్రుడి గుంటలకు ఏరేటర్లు (నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రాలు) వాటంతటవే వేసుకునేలా ఒక కంట్రోలర్ పెట్టించాం. రాత్రి పదికి ఆన్ కావాలని టైమ్ పెట్టాను. కంట్రోలర్ యూటీసీలో నడుస్తోందని చూసుకోలేదు. దాని పది గంటలంటే మనకు తెల్లవారుజాము మూడున్నర. ఆ రాత్రి మబ్బు, గాలి కదల్లేదు. రెండు గంటలప్పుడు కాపలా మనిషి టార్చి వేసి చూస్తే రొయ్యలు పైకొచ్చి గట్టు అంచునే తిరుగుతున్నాయి. ఆయన ఫోన్ చేయడానికి కూడా ఆగకుండా స్విచ్‌లు చేత్తో వేశాడు. కొన్ని పోయాయి, గుంట మాత్రం దక్కింది. ఆ మనిషి ఆ పూట లేచి తిరగకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. ఆ తర్వాత ఏ టైమర్ పెట్టినా, పెట్టిన రోజు రాత్రి దగ్గరుండి అది ఆన్ కావడం కళ్ళతో చూడందే గుంట దగ్గర్నుంచి కదలను.

డాలస్‌లో ఉన్న మీ అన్న అదే డేటాను బ్రౌజర్‌లో చూస్తే సాయంత్రం ఆరు చూపిస్తోందని రాశారు. అదీ సరైనదే. జూన్‌లో డాలస్ యూటీసీకి 5 గంటలు వెనక, కాబట్టి అదే 1718838000 వాళ్ళకు జూన్ 19 సాయంత్రం 6 గంటలు. బ్రౌజర్ తాను నడుస్తున్న కంప్యూటర్ జోన్‌లో చూపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే అక్కడ ఏటా మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట జరుగుతాయి. చలికాలంలో మనకూ వాళ్ళకూ తేడా పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర. మీ అన్న ఫోన్‌లో 'ఆరింటికి పడిపోయింది' అంటే ఎవరి ఆరో తెలియక మీ నాన్నగారికి టెన్షన్. గుంట డేటా ఎక్కడి నుంచి చూసినా గుంట ఉన్న చోటి టైమ్‌లోనే కనపడాలి, టైమ్ పక్కన ఐఎస్‌టీ అని రాసి ఉండాలి. డ్యాష్‌బోర్డ్ సెట్టింగుల్లో జోన్ ఎంచుకునే చోట ఆసియా, కోల్‌కతా అని ఉంటుంది, అది పెట్టమనండి.

మీ అన్న పైథాన్‌లో ప్రోగ్రామ్ రాస్తానంటే ఆయనకు ఒక్క మాట చెప్పండి. టైమ్‌స్టాంప్‌ను తేదీగా మార్చే ఫంక్షన్‌కు జోన్ కూడా తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే అది నడుస్తున్న కంప్యూటర్ జోన్ తీసుకుంటుంది: మీ ల్యాప్‌టాప్‌లో ఒక జవాబు, ఆయన ల్యాప్‌టాప్‌లో ఇంకొకటి, అద్దె సర్వర్‌లో మూడోది. పైథాన్ 3.9 నుంచి జోన్‌ఇన్ఫో అనే మాడ్యూల్ అందులోనే వస్తోంది, 19800 చేత్తో కలపకుండా దాన్నే వాడమనండి. గుంట డేటాకు 19800 సరిపోతుంది, మన దేశంలో ఇప్పుడు గడియారాలు జరపడం లేదు కాబట్టి. కానీ అన్ని కాలాలకూ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపి 6:30 మీద నడిపారు. జోన్ పేరు ఇస్తే ఆ చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది, అంకె కలిపితే రాదు.

మీ ఫైల్‌లో నడుమ నడుమ 01-01-1970 5:30 అని కనిపిస్తే అది రీడింగ్ కాదు, టైమ్‌స్టాంప్ సున్నా లేదా ఖాళీ. సున్నాకు 5:30 కలిపితే అదే వస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆ వరుసలు మొదలైతే లాగర్‌లో గడియారానికి ఉండే బిళ్ళ బ్యాటరీ అయిపోయిందని అర్థం. కొత్తది కొద్ది రూపాయల్లో వస్తుంది. సెన్సర్ అమ్మే మనిషి ఇది చెప్పడు, మీరే విప్పించి చూడండి. బ్యాటరీ బాగున్నా నెట్ లేని లాగర్ గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు తప్పుతుంది, నెల తిరిగేసరికి నిమిషం దాకా పోతుంది. నెలకోసారి ఫోన్‌తో సరిచూసుకుంటే చాలు.

లీపు సెకన్ల (గడియారాలకు అప్పుడప్పుడు కలిపే ఒక్కో సెకను) గురించి ఎక్కడైనా చదివి కంగారు పడకండి, అరగంటకోసారి తీసే రీడింగుకు ఆ తేడా లెక్కలోకి రాదు. 2038 గురించి మాత్రం కొత్త కంట్రోలర్ కొనేటప్పుడు అడగండి. పాత పద్ధతిలో 32 బిట్లలో సెకన్లు దాచే పరికరాలు 2147483647 దాటి లెక్కపెట్టలేవు. మన టైమ్‌లో అది 2038 జనవరి 19, ఉదయం 8:44:07. మరుసటి సెకనుకు వాటి తేదీ 1901లోకి పోతుంది. ఇనుప పెట్టెలో బిగించిన కంట్రోలర్లు పదేళ్ళు, పన్నెండేళ్ళు అట్లాగే నడుస్తుంటాయి కాబట్టి ఇది దూరం మాట కాదు.

ఇవన్నీ తీరిగ్గా చేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం ఈ రోజే చూడండి. లాగర్ యూటీసీలో నడుస్తోందంటే, అదే పెట్టెకు మీ ఏరేటర్లు కూడా కలిపి ఉంటే, వాటి టైమర్ కూడా యూటీసీలోనే ఉండొచ్చు. రాత్రి పదికి ఆన్ కావాలంటే అందులో సాయంత్రం నాలుగున్నర, అంటే 16:30 అని పెట్టాలి. చీకటి పడేలోపు ఆ పెట్టె తెర మీద ఇప్పుడు ఎన్ని గంటలు చూపిస్తోందో చూసి, మీ ఫోన్ టైమ్‌తో పోల్చి, రెండూ ఇక్కడ రాయండి. డీఓ 4 పీపీఎం కన్నా దిగుతున్న గుంట ఏదైనా ఉంటే ఈ రాత్రికి ఆ గుంట ఏరేటర్లను టైమర్‌కు వదలకుండా చేత్తోనే వేయించండి.